డిగ్రీ అయ్యాక ఎల్‌ఎల్‌బీ: సీమ జిల్లాల నుంచి ఎలా చేరాలి

ఎల్‌ఎల్‌బీలో చేరడానికి రాసే రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్. అది అంత గట్టి పరీక్షేమీ కాదు. 120 మార్కులకు 42 వస్తే అర్హత సాధించినట్టే. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. అయినా సీటు చేతిదాకా వచ్చి జారిపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళను దెబ్బతీసేది ప్రశ్నపత్రం కాదు. ఏ స్టడీ సర్టిఫికెట్టో, అర శాతం మార్కులో, చేరిన తర్వాతైతే హాజరు పట్టికో దెబ్బతీస్తుంది. అందుకే గైడు కొనడానికి ముందు ఫైలు సర్దుకోండి.

1. డిగ్రీ మెమో బయటికి తీయండి

మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా పనికొస్తుంది. బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ, బీటెక్, బీఫార్మసీ అన్నీ సమానమే. చూసేది శాతం: ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. ఇక్కడ రౌండ్ చేయడం ఉండదు. 44.9 వచ్చినవాళ్ళు 45 అని రాసేసి హాల్‌టికెట్ తెచ్చుకుంటారు, పరీక్షా రాస్తారు, ర్యాంకూ వస్తుంది. కౌన్సెలింగ్‌లో మెమో చూసేటప్పుడు పేరు తీసేస్తారు. ఫీజూ పోయె, ఏడాదీ పోయె. మీ మెమోలో శాతం కాకుండా గ్రేడ్ పాయింట్లే ఉంటే సొంతంగా పదితో గుణించుకోవద్దు. మీ యూనివర్సిటీ ఏ సూత్రం వాడుతుందో మెమో మీదే ఉందేమో చూడండి. లేకపోతే పరీక్షల విభాగం నుంచి శాతం ధ్రువపత్రం తీసుకోండి.

దూరవిద్యలో డిగ్రీ చేసినా పర్వాలేదు, కానీ పదో తరగతి, ఇంటర్, డిగ్రీ అనే వరుస ఉండాలి. ఇంటర్ చదవకుండా ప్రవేశ పరీక్ష ఒక్కటే రాసి ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్ళకు ఎల్‌ఎల్‌బీ అర్హత లేదు. లా చదువుకు, న్యాయవాద వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనల్లోనే ఈ మాట ఉంది. ఎవరో చేరారని ధైర్యం తెచ్చుకోకండి. చేరడం వేరు, చివర్లో అడ్వకేట్‌గా నమోదు కావడం వేరు.

వయసు గురించి బెంగ అక్కర్లేదు. లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. రిటైరైన టీచర్లు, పోలీసు ఉద్యోగులు వచ్చి ముందు బెంచీలో కూర్చోవడం లా కాలేజీల్లో మామూలే. డిగ్రీ ఫైనలియర్ వాళ్ళు కూడా పరీక్ష రాయొచ్చు, కౌన్సెలింగ్ నాటికి ఫలితం చేతిలో ఉంటే చాలు.

2. ఏ దారి మీది, ఏది కాదు

చాలామంది ముందు క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) గురించి అడుగుతారు. డిగ్రీ అయిపోయినవాళ్ళకు ఆ దారి కాదు. క్లాట్‌తో చేరేది ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సులో, లేదా ఎల్‌ఎల్‌బీ అయ్యాక ఎల్‌ఎల్‌ఎంలో. విశాఖలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి కర్నూలు దగ్గరి పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. ఆయన మాత్రం అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీఏ చేసి, తర్వాత మద్రాసులో లా చదివారు. అంటే ఇప్పుడు మీరు వెళ్ళబోతున్న దారే.

మనకు దగ్గరి దారి ఏపీ లాసెట్. బయటికి వెళ్ళగలిగితే ఇంకొన్ని ఉన్నాయి. ఢిల్లీ యూనివర్సిటీ మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. బెంగళూరు నేషనల్ లా స్కూల్ 2022 నుంచి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ నడుపుతోంది, దానికి ఎన్‌ఎల్‌శాట్ అనే సొంత పరీక్ష ఉంది. హిందూపురం, అనంతపురం వాళ్ళకు బెంగళూరు పక్కూరే అయినా అక్కడి ఫీజు లక్షల్లో ఉంటుంది, ముందే చూసుకోండి. ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాస్‌లో పాసైనవాళ్ళకు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మేధో సంపత్తి మీద ప్రత్యేకంగా సాగే ఎల్‌ఎల్‌బీ ఉంది. బీటెక్ వాళ్ళకు ఇంకో మాట: మీ గురి పేటెంట్ పని ఒక్కటే అయితే ఎల్‌ఎల్‌బీ లేకుండానే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. సైన్స్, ఇంజనీరింగ్ డిగ్రీ చాలు.

ఇక ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు బాగా వినపడే మాట ఒకటుంది: "కర్ణాటక బార్డర్ దాటితే మార్కుల మీదే సీటు, క్లాసుకు కూడా రానక్కర్లేదు." మొదటి సగంలో నిజముంది. రెండో సగం చెప్పే ఏజెంటుకు మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. హాజరు నిబంధన దేశమంతటికీ ఒక్కటే. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో ఎక్కడా అడ్వకేట్‌గా నమోదు చేయరు.

3. లోకల్ సంగతి తేల్చుకోండి

సీమ పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు పాత జిల్లాలు ఎస్వీయూ (శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా. 2022లో విడిపోయిన నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలూ ఇందులోవే. ఈ ఏరియా కాలేజీల్లో 85 శాతం సీట్లు ఇక్కడి లోకల్ వాళ్ళకు, మిగతా 15 శాతం అన్‌రిజర్వ్‌డ్.

మీరు లోకల్ అవునా కాదా అన్నది ఇల్లు ఎక్కడుందని కాకుండా, చివరి ఏళ్ళలో ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి తేలుస్తారు. తొమ్మిది నుంచి డిగ్రీ దాకా ఇక్కడే చదివి ఉంటే స్టడీ సర్టిఫికెట్లు వరుసగా పెడితే సరిపోతుంది. హిందూపురం నుంచి బెంగళూరుకో, గుంతకల్లు నుంచి బళ్ళారికో వెళ్ళి డిగ్రీ చేసి ఉంటే ఇల్లు ఇక్కడే ఉన్నా నాన్ లోకల్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆ 15 శాతంలో పోటీ పడాలి. దానికి మీరో, మీ అమ్మానాన్నల్లో ఒకరో రాష్ట్రంలో పదేళ్ళు నివసించారని తహశీల్దార్ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మీసేవలోనో సచివాలయంలోనో ఇవాళ అర్జీ పెడితే రేపు చేతికి రాదు. లాసెట్ దరఖాస్తు వేసిన వారంలోనే ఈ పని మొదలుపెట్టండి.

ఇంటర్ హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో చదివినవాళ్ళకూ ఇదే చిక్కు. ఆ రెండేళ్ళ స్టడీ సర్టిఫికెట్ లేకుండా ఫైలు ముందుకు కదలదు.

ఫైలులో ఉండాల్సినవి: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలన్నీ, ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ, తొమ్మిది నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం. ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఏడాదికి చెల్లేది ఉండాలి, నిరుటిది పనికిరాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. లేకపోతే మూడేళ్ళ తర్వాత అదే తేడా బార్ కౌన్సిల్ దగ్గర మళ్ళీ ఎదురవుతుంది.

4. పరీక్ష

నోటిఫికేషన్ వేసవికి ముందు వస్తుంది. దరఖాస్తు ఫీజు ఈమధ్య ఏళ్ళలో ఓసీలకు 900, బీసీలకు 850, ఎస్సీ, ఎస్టీలకు 800 రూపాయలు. నిర్వహించే యూనివర్సిటీ మారుతూ ఉంటుంది. మన శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ కూడా కొన్నేళ్ళు నిర్వహించింది. కాబట్టి పాత వెబ్‌సైటు లింకును నమ్ముకోకుండా ఉన్నత విద్యామండలి పేజీ నుంచి లోపలికి వెళ్ళండి.

కంప్యూటర్ మీద రాసే పరీక్ష, 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30, వర్తమాన వ్యవహారాలు 30, లా చదవడానికి అభిరుచి 60. తప్పుకు మార్కు కోత లేదు, ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. ప్రశ్న ఇంగ్లిషులోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. తెలుగు అనువాదం అటూఇటూగా అనిపిస్తే ఇంగ్లిషు వాక్యాన్నే పట్టుకోండి.

మూడో భాగం వదిలేసి జీకే బట్టీ పట్టడం అందరూ చేసే పొరపాటు. ఆ 60 మార్కులే ర్యాంకును తేలుస్తాయి. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు చూసేదీ ఆ భాగాన్నే. రాజ్యాంగంలో 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 దాకా ఆదేశిక సూత్రాలు, 51ఏ విధులు, 32, 226 అధికరణాల కింద వచ్చే ఐదు రిట్లు (కోర్టు ఆదేశాలు), రాజ్యాంగాన్ని సవరించే 368వ అధికరణం, 42వ, 44వ సవరణలు, 1973 కేశవానంద భారతి, 1978 మేనకా గాంధీ తీర్పులు చదవండి. వాటితో పాటు ఒప్పందం, సివిల్ తప్పిదం, నిర్లక్ష్యం, బెయిలు, కాగ్నిజబుల్ నేరం లాంటి మాటలకు అర్థం సొంత మాటల్లో చెప్పగలగాలి. గ్రూప్స్‌కు పాలిటీ చదివినవాళ్ళకు సగం పని అయిపోయినట్టే. రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది వారాలు చాలు. చివరి రెండు వారాలు గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చేయండి.

5. కౌన్సెలింగ్, కాలేజీ

పరీక్ష జూన్‌లో అయినా కౌన్సెలింగ్ సెప్టెంబరు దాకా సాగడం, ఇంకా ఆలస్యం కావడం లాసెట్‌కు అలవాటే. ఈలోగా విసుగొచ్చి ఏ ఎంకామ్‌లోనో చేరి ఒరిజినల్ టీసీ అక్కడ ఇచ్చేస్తారు. తర్వాత దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయడం, వెబ్ ఆప్షన్లు పెట్టడం, అలాట్‌మెంట్, గడువులోగా కాలేజీలో రిపోర్టు చేయడం, వరుస ఇది. చివరి అంచె మరిచిపోతే సీటు రద్దవుతుంది. సర్టిఫికెట్లను ఫోన్‌లో మసకగా తీసిన ఫొటోలుగా కాకుండా, ఒక్కోటి చదవగలిగేలా స్కాన్ చేసి పెట్టండి.

అనంతపురంలో శ్రీ విజయనగర్ లా కాలేజీ, కర్నూలులో ప్రసున్న లా కాలేజీ, కడపలో బసవ రామ తారకం మెమోరియల్ లా కాలేజీ చాలామందికి తెలిసినవే. ఏ కాలేజీ పెట్టుకున్నా మీరు చేరే ఏడాదికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో, ఏ యూనివర్సిటీకి అనుబంధమో చూసుకోండి. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు మూడే: క్లాసులు ఏ వేళకు? జిల్లా కోర్టు ఎంత దూరం? పరీక్ష తెలుగులో రాయనిస్తారా? కోర్టు ఉన్న ఊళ్ళో కాలేజీ దొరికితే పెద్ద కాలేజీ పేరు కోసం దూరం పోనక్కర్లేదు, మధ్యాహ్నం నడిచి వెళ్ళి విచారణ చూసిరావచ్చు. కన్వీనర్ కోటా సీటుకూ మేనేజ్‌మెంట్ సీటుకూ ఫీజులో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో తేడా ఉంటుంది. డబ్బు కట్టేముందు మీది ఏ కోటానో రసీదు మీద రాయించుకోండి.

6. హాజరు: సగంలో ఆగేది ఇక్కడే

సెమిస్టరుకు 15 వారాలు, వారానికి కనీసం 30 గంటలు. అంటే 450 గంటలు. అందులో 70 శాతం, 315 గంటలు మీరు క్లాసులో ఉండాలి. ఈ లెక్క మొత్తం మీద ఒక్కటే కాదు, ఒక్కో సబ్జెక్టుకూ చూస్తారు. మొత్తం 70 ఉంటే ఒక సబ్జెక్టులో 65 దాకా తగ్గినా డీన్‌కో ప్రిన్సిపాల్‌కో మినహాయించే అధికారం ఉంది. అది దయ, హక్కు కాదు. నంద్యాల నుంచి కర్నూలుకు, తాడిపత్రి నుంచి అనంతపురానికి, ప్రొద్దుటూరు నుంచి కడపకు రోజూ బస్సులో తిరగాలనుకునేవాళ్ళు మొదటి క్లాసు ఏదో చూసుకోండి. ఆలస్యమైన బస్సు ప్రతిసారీ అదే సబ్జెక్టును తింటుంది.

ఉద్యోగం చేస్తున్నవాళ్ళకు 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ ఇంకో మెలిక పెట్టింది. విద్యార్థి తాను ఉద్యోగంలో ఉన్నదీ లేనిదీ, ఇంకో రెగ్యులర్ కోర్సు చదువుతున్నదీ లేనిదీ, తన మీద క్రిమినల్ కేసులున్నదీ లేనిదీ రాతపూర్వకంగా చెప్పాలి. ఉద్యోగముంటే యాజమాన్యం నిరభ్యంతర పత్రం కావాలి. సచివాలయ ఉద్యోగులు, టీచర్లు శాఖ అనుమతి లేకుండా చేరి, పట్టా వచ్చాక చూసుకుందాంలే అనుకోవడం ప్రమాదం. పనిలో సంతకం పెట్టిన వేళకే కాలేజీలోనూ హాజరు పడి ఉంటే ఆ రెండు కాగితాలూ ఒకరోజు ఒకే బల్ల మీదికి వస్తాయి.

ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని యూజీసీ 2022లో చెప్పింది. ఎల్‌ఎల్‌బీకి ఆ మాట వర్తించదు. రెగ్యులర్ పీజీతో కలిపి చేయొద్దు. దూరవిద్యలో చేసే కోర్సుకు మాత్రం నిబంధనల్లోనే మినహాయింపు ఉంది.

7. మొదటి సెమిస్టరు చదువు

పాత పుస్తకాల షాపులో సగం ధరకు దొరికే క్రిమినల్ లా పుస్తకం కొనకండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103, మోసానికి సంబంధించిన 420 ఇప్పుడు 318. అలాగని పాత చట్టాన్ని పూర్తిగా మరచిపోనక్కర్లేదు. జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీ కిందే శిక్ష, అలాంటి కేసులు కోర్టుల్లో ఇంకా చాలాకాలం నడుస్తాయి.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు గైడు కంటే బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం మూలపాఠం) మీదే ఎక్కువ కూర్చోవాలి. ఒక సెక్షన్ ఎలా చదవాలో చూడండి. న్యాయ సంహితలో 303 దొంగతనం గురించి చెబుతుంది (పాత పుస్తకంలో 378). పొడుగాటి ఒక్క వాక్యం. దాన్ని ముక్కలు చేయండి: దుర్బుద్ధితో తీసుకోవాలన్న ఉద్దేశం, అది చరాస్తి కావడం, ఇంకొకరి స్వాధీనంలో ఉండడం, వాళ్ళ సమ్మతి లేకపోవడం, తీసుకోవడానికి దాన్ని కదిలించడం. ఐదూ ఉంటేనే దొంగతనం. కింద ఒక వివరణ ఉంది: నేలను అంటిపెట్టుకున్నది చరాస్తి కాదు, విడిపోయిన క్షణం నుంచే దాన్ని దొంగిలించే వీలుంటుంది. ఇక దాన్ని ఊరికి తెచ్చుకోండి. నార్పల దగ్గరి తోటలో చీనీకాయ కొమ్మకు ఉన్నంతసేపూ చరాస్తి కాదు. రాత్రి కంచె దాటి వచ్చినవాడు దాన్ని తుంచగానే దొంగతనం పూర్తయింది. కాయ సంచీలో పడక్కర్లేదు, గట్టు దాటక్కర్లేదు, అక్కడే కావలివాడికి దొరికినా అంతే. ఇలా రోజుకు మూడు సెక్షన్లు నోట్‌బుక్‌లో విడగొట్టండి. బట్టీ అక్కర్లేదు.

మీ పాత డిగ్రీని పక్కన పడేయకండి. బీకాం వాళ్ళకు చెక్ బౌన్సు, జీఎస్టీ, భాగస్వామ్య వివాదాలు చప్పున అర్థమవుతాయి. చెక్కు తిరిగొచ్చిందన్న బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. ఈ లెక్క కామర్స్ వాళ్ళు ఒక్కసారి వింటే మరిచిపోరు. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్ళకు ఫోరెన్సిక్ రిపోర్టు భయపెట్టదు. ఇంట్లో పొలమున్నవాళ్ళకు అడంగల్, 1బి, ఈసీ లాంటి భూమి కాగితాలు ముందే తెలుసు, సీమ కోర్టుల్లో సివిల్ దావాలు చాలావరకు వాటి చుట్టే తిరుగుతాయి.

8. ఇంటర్న్‌షిప్, కోర్టు డైరీ

మూడేళ్ళలో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి. అంతా చివరి ఏడాదికి నెట్టేయడం కుదరదు, ఒక ఏడాదిలో వరుసగా నాలుగు వారాలకు మించి లెక్కలోకి రాదు. మొదటి విడత జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మొదలుపెట్టడం తేలిక. రెండో విడతకు విచారణలు బాగా నడిపే సీనియర్ దగ్గర చేరండి. ఆఫీసు ఎంత పెద్దదన్నది చూడక్కర్లేదు, ఆయన వారానికి ఎన్ని క్రాస్‌లు (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేస్తున్నారో చూడండి.

ప్రాక్టికల్ పేపర్‌లో ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ చూసి డైరీ రాయాలి, దానికి 30 మార్కులు. స్నేహితుడి డైరీ చూసి దించినవాళ్ళు వైవాలో ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. ఈకోర్ట్స్ యాప్‌లో కాజ్ లిస్టు (ఆ రోజు విచారించే కేసుల జాబితా) తెరిచి, సాక్ష్యం దశలో ఉన్న కేసును ఎంచుకోండి. "వాయిదా" అని తేలిపోయే కేసుల వెంట తిరిగితే డైరీ నిండదు. రోజూ రాయాల్సింది తేదీ, కోర్టు హాలు, కేసు నంబరు, ఆ రోజు ఎక్కిన సాక్షి ఎవరు, చీఫ్‌లో (సొంత పక్షం లాయరు ప్రశ్నించినప్పుడు) ఏం చెప్పారు, క్రాస్‌లో ఏది వెనక్కి తీసుకున్నారు, ఏ కాగితానికి ఏ గుర్తు పడింది. సివిల్‌లో వాది పత్రాలకు ఏ1, ఏ2, ప్రతివాదివి బీ1, బీ2. క్రిమినల్‌లో ప్రాసిక్యూషన్‌వి పీ1, పీ2, కత్తి, దుడ్డుకర్ర లాంటి వస్తువులు (మెటీరియల్ ఆబ్జెక్టులు) ఎంవో 1, ఎంవో 2. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లిషులో ఎలా నమోదైందో పక్కపక్కనే రాసుకుంటే ఆ తేడాలోనే క్రాస్ ఎలా పుడుతుందో తెలుస్తుంది.

9. పట్టా వచ్చాక

ముందు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్, అంటే అడ్వకేట్‌గా నమోదు. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టంలో ఉన్నంతే తీసుకోవాలి: మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. స్టాంపు డ్యూటీ దీనికి అదనం. జీతం తీసుకునే ఉద్యోగంలో ఉంటూ నమోదు కాలేరు, ఉద్యోగాన్ని దాచి నమోదైతే అదే తర్వాత క్రమశిక్షణ కేసవుతుంది.

నమోదైన రెండేళ్ళలోగా ఆలిండియా బార్ పరీక్ష పాసవాలి. 100 ప్రశ్నలు ఉంటాయి. ఓసీ, బీసీలకు 45, ఎస్సీ, ఎస్టీలకు 40 మార్కులు రావాలి. తెలుగులోనూ రాయొచ్చు. బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్ళనిస్తారు, కానీ మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్నవి ఉంటే తీసేసుకుంటారు. చదువుకోవడానికి ఒక సెట్టు, పరీక్షకు రాతల్లేని ఇంకో సెట్టు పెట్టుకోండి.

జడ్జి కావాలనుకునేవాళ్ళు ఎన్‌రోల్‌మెంట్‌ను వాయిదా వేయొద్దు. 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి. ఆ మూడేళ్ళు బార్ పరీక్ష పాసైన తేదీ నుంచి కాదు, దానికి ముందు జరిగే తాత్కాలిక నమోదు తేదీ నుంచే మొదలవుతాయి. పట్టా చేతికొచ్చాక ఆరు నెలలు ఇంట్లో కూర్చుని కోచింగ్ తీసుకున్నవాళ్ళకు ఆ ఆరు నెలలు లెక్కలోకి రావు.